కంపైలర్‌కి తెలిసింది మీ టూల్‌కీ తెలియాలి: స్టాటిక్ అనాలిసిస్ టూల్స్ తయారుచేసేవారికి బహిరంగ లేఖ

స్టాటిక్ అనాలిసిస్ టూల్స్, అంటే కోడ్‌ని నడపకుండానే చదివి తప్పులు పట్టే టూల్స్, రాస్తున్న, వాటిని ఏళ్ల తరబడి నిలబెడుతున్న మిత్రులందరికీ నమస్కారం.

నేను సీ, సీ ప్లస్ ప్లస్‌లలో ఫర్మ్‌వేర్, అంటే ఎలక్ట్రానిక్ బోర్డుల లోపల నడిచే ప్రోగ్రామ్స్, రాసేవాణ్ణి. కొత్తగా రాసేదానికంటే, ఎవరో ఎప్పుడో రాసిన కోడ్‌ని బిల్డ్ చేయించడం (కంపైలర్‌తో నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడం), దాంట్లో ఏముందో తెలుసుకోవడం నా రోజువారీ పనిలో ఎక్కువ భాగం. మీ టూల్స్ లేకుండా ఆ పని ఊహించుకోలేను. ఫ్రీ చేసిన మెమరీని మళ్లీ వాడటం, విలువ పెట్టని వేరియబుల్‌ని చదవడం, నల్ పాయింటర్‌ని చెక్ చేయకుండా వాడటం లాంటివి మనిషి కంటికి దొరక్కుండా మీ టూల్‌కి దొరికిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. ఆ కృతజ్ఞత మనసులో ఉంచుకునే ఈ లేఖ రాస్తున్నాను.

నేను అడుగుతున్నది ఒక్కటే. కంపైలర్ ర్యాపర్‌ని మీ టూల్‌లోనే భాగం చేయండి. పక్క ఫోల్డర్లో పడి ఉండే స్క్రిప్టుగా వద్దు, "ఇలా చేసి చూడండి" అని డాక్యుమెంటేషన్ చివర్లో పెట్టే సలహాగా వద్దు. టూల్‌తో పాటే రిలీజయ్యి, టూల్‌తో పాటే టెస్ట్ అయ్యి, టూల్‌కి ఎంత బాధ్యత ఉందో దానికీ అంతే బాధ్యత ఉండేలా చేయండి.

ర్యాపర్ అని నేను దేన్ని అంటున్నానో ముందు చెప్తాను. బిల్డ్‌లో జీసీసీ లాంటి కంపైలర్‌ని పిలవాల్సిన చోట మరో ప్రోగ్రామ్ నిలబడుతుంది. బిల్డ్‌ని నడిపించే మేక్‌కి గానీ నింజాకి గానీ అది కంపైలర్‌లాగే కనిపిస్తుంది. వచ్చిన ఆర్గ్యుమెంట్లన్నీ (ఫైల్ పేర్లు, ఫ్లాగ్స్ అనే సూచనలు) అందుకుంటుంది, అసలు కంపైలర్‌ని ఉన్నదున్నట్టుగా నడుపుతుంది, అవే ఆర్గ్యుమెంట్లని ఆధారం చేసుకుని అనలైజర్‌కి, అంటే మీ టూల్‌కి, కూడా ఆ ఫైల్‌ని చూపిస్తుంది. ఏ ఫైల్ కంపైల్ అవుతోంది, ఏ ఫోల్డర్లో నిలబడి అవుతోంది, ఏ మాక్రోలతో (కోడ్‌లో విలువలకి పెట్టే పేర్లు), ఏ హెడర్ దారులతో (కోడ్ వాడుకునే ఉమ్మడి ఫైల్స్ ఉండే చోట్లు), ఏ ప్రాసెసర్ కోసం అవుతోంది అన్నవన్నీ పూర్తిగా తెలిసే చోటు అదొక్కటే.

ఇది ఎందుకింత ముఖ్యమో నాకు ఒక బోర్డు నేర్పింది.

గతంలో నేను పనిచేసిన ఒక టీమ్‌లో ప్రతి రాత్రీ స్టాటిక్ అనాలిసిస్ నడిచేది. ప్రతి ఉదయం రిపోర్ట్ వచ్చేది. ఒక డ్రైవర్ ఫోల్డర్‌కి నెలల తరబడి ఒకే ఫలితం: లోపాలు సున్నా. ఆ సున్నాని చూసి మేమంతా ధీమాగా ఉన్నాం. ఒకరోజు కొత్త బోర్డు మీద ఆ డ్రైవర్ ఎక్కించాక అది స్టార్ట్ అయిన కాసేపటికే స్తంభించిపోయింది. డీబగ్గర్ పెట్టి చూస్తే ఒక చిన్న లూప్‌లో తిరుగుతోంది. సీరియల్ పోర్ట్ నుంచి ఒక్కో బైట్ చదువుతుంది, చదివినదాన్ని క్యార్ అనే ఒక బైట్ టైప్‌లో పెట్టుకుంటుంది, అది మైనస్ ఒకటి అయితే ఇక డేటా లేదని ఆగిపోవాలి. ఆగడం లేదు.

కారణం ఈ రంగంలో ఉన్నవాళ్లకి తెలిసిందే. మామూలు క్యార్‌కి ప్లస్ మైనస్ గుర్తు ఉండాలా వద్దా అన్నది సీ ప్రమాణం కంపైలర్‌కే వదిలేసింది. పీసీల్లో ఉండే ఎక్స్86 ప్రాసెసర్ మీద జీసీసీ దానికి గుర్తు ఉందనుకుంటుంది. మా బోర్డులో ఉన్న ఆర్మ్ ప్రాసెసర్ మీద లేదనుకుంటుంది. అంటే పీసీ మీద మైనస్ ఒకటి మైనస్ ఒకటిగానే ఉంటుంది, బోర్డు మీద అది 255 అయి కూర్చుంటుంది. 255 ఎన్నిసార్లు పోల్చినా మైనస్ ఒకటి కాదు. లూప్‌కి అంతే లేదు. ఆ ఫోల్డర్ పాతది కావడంతో ఎవరో కంపైలర్ వార్నింగ్‌లన్నీ ఆపేసి ఉంచారు. కాబట్టి కంపైలర్ కూడా నోరెత్తలేదు.

మరి అనలైజర్ ఎందుకు చెప్పలేదు? అది చూడటం మొదలుపెట్టాక నాకు అసలు భయం పట్టుకుంది. ఆ ఫంక్షన్ మొత్తం ఒక ఇఫ్‌డెఫ్ లోపల ఉంది, అంటే చెప్పిన మాక్రో ఉంటేనే అది కంపైల్ అవుతుంది. బోర్డు పేరుతో ఉన్న మాక్రోని మేక్‌ఫైల్ (మేక్ చదివే సూచనల ఫైల్) కంపైలర్‌కి మైనస్ డీ ఫ్లాగ్‌తో ఇస్తుంది. మా టూల్‌కి మేము ఇచ్చింది ఫోల్డర్ దారి మాత్రమే. మాక్రో తెలియనిదానికి ఆ కోడ్ అసలు లేనట్టే. అంటే మేము అన్ని నెలలు చూసి మురిసిపోయిన సున్నా, టూల్ చదివి ఇచ్చిన సున్నా కాదు. చదవకుండా ఇచ్చిన సున్నా.

సరే, మాక్రోని టూల్ సెట్టింగ్స్‌లో చేత్తో చేర్చాం. మళ్లీ నడిపాం. మళ్లీ సున్నా! ఇప్పుడు ఫంక్షన్ కనపడుతోంది గానీ, టూల్ అది పీసీ మీద నడిచే కోడ్ అనుకుంటోంది. క్యార్‌కి గుర్తు ఉందనుకుని చదివితే ఆ పోలికలో తప్పేమీ లేదు. ప్లాట్‌ఫామ్ వివరాలు కూడా ఇచ్చి మూడోసారి నడిపితేనే, ఈ షరతు ఎప్పుడూ నిజమే అవుతుందని ఒక్క లైన్‌లో చెప్పేసింది. మీరు రాసిన చెకర్ మొదటినుంచీ సరిగ్గానే ఉంది. దానికి కావాల్సిన సమాచారమే దాని దాకా రాలేదు. ఆ సమాచారం మొత్తం రోజుకి పదిసార్లు మా కంపైలర్ నడిచిన చోటే ఉంది: కొంత దాని కమాండ్ లైన్ మీద, మిగతాది కంపైలర్ దగ్గరే.

ఆ తర్వాత మేమూ అందరూ చేసే పనే చేశాం. మేక్‌ఫైల్‌లో ఉన్న ఫ్లాగ్స్‌ని టూల్ కాన్ఫిగరేషన్‌లోకి కాపీ చేసుకున్నాం. ఒక వారం బాగానే ఉంది. తర్వాత ఎవరో మేక్‌ఫైల్‌లో కొత్త హెడర్ దారి చేర్చారు, రెండోచోట చేర్చడం మరిచిపోయారు. వాళ్లని తప్పుపట్టలేను. ఒకే విషయాన్ని రెండు చోట్ల రాసి, రెండూ ఎప్పుడూ ఒకేలా ఉండాలని కోరుకుంటే అది జరిగే పని కాదు.

మీలో చాలామంది ఈపాటికి "కంపైలేషన్ డేటాబేస్ ఉంది కదా" అని అనుకుంటూ ఉంటారు. ఉంది. ఏ ఫైల్ ఎలా కంపైల్ అయిందో రాసిపెట్టే జాబితా అది. క్లాంగ్ కంపైలర్ వాళ్లు తెచ్చిన ఆ జేసన్ ఫార్మాట్ ఈ రంగానికి చాలా మేలు చేసింది. ఏ ఫోల్డర్, ఏ ఫైల్, ఏ కమాండ్ అన్న మూడు ముక్కలతో ఎన్నో టూల్స్ ఒకే భాష మాట్లాడగలిగాయి. మేక్‌ఫైల్స్ లాంటివాటిని తయారుచేసిపెట్టే సీమేక్‌లో ఒక్క సెట్టింగ్ పెడితే ఆ ఫైల్ దానంతటదే వస్తుంది. కానీ మేక్‌ఫైల్, నింజా జనరేటర్లతోనే వస్తుంది. సీమేకే లేని ప్రాజెక్టుల సంగతేంటి? చేత్తో రాసిన మేక్‌ఫైల్స్, వాటి లోపల షెల్ స్క్రిప్టులు, ఆ స్క్రిప్టుల లోపల మళ్లీ మేక్ నడిపే పాత కోడ్ ఎంత ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. అనాలిసిస్ అవసరం ఎక్కువగా ఉన్నది కూడా అలాంటి కోడ్‌కే.

అలాంటి చోట బేర్ లాంటి టూల్స్ ఆదుకుంటాయి. ప్రోగ్రామ్‌తో పాటు ముందుగా ఇంకో లైబ్రరీని ఎక్కించే ఎల్‌డీ ప్రీలోడ్ ద్వారా బిల్డ్‌లో పుట్టే ప్రతి ప్రాసెస్‌నీ గమనించి, కంపైలర్ పిలుపులని ఏరి డేటాబేస్ తయారుచేస్తాయి. నేనూ వాడతాను, ఎన్నోసార్లు నన్ను గట్టెక్కించాయి. అయితే స్టాటిక్‌గా లింక్ చేసిన (లైబ్రరీలన్నీ తనలోనే కలుపుకున్న) ప్రోగ్రామ్ మధ్యలో ఉంటే ఆ ప్రీలోడ్ పనిచేయదు. మ్యాక్‌లో సిస్టమ్ రక్షణ దాన్ని అడ్డుకుంటుంది. ఇవి కాకుండా ఇంకో చిక్కుంది, అది ఏ డేటాబేస్‌కైనా ఉన్నదే. అది గడిచిపోయిన బిల్డ్ గురించి రాసిపెట్టుకున్న చీటీ. బిల్డ్ మధ్యలో ఒక స్క్రిప్ట్ హెడర్ ఫైల్‌ని తయారుచేస్తుంది, కంపైల్ అవుతుంది, ఆ హెడర్ చెరిగిపోతుంది. లేదా అదే పేరుతో ఇంకో బోర్డు కోసం మరోటి వచ్చి దాని స్థానంలో కూర్చుంటుంది. అనలైజర్ సాయంత్రం తీరిగ్గా వచ్చి ఆ చీటీ పట్టుకుని వెతికితే హెడర్ దొరకదు, దొరికినా అది సరైంది కాదు. ఒకే ఫైల్ వేర్వేరు మాక్రోలతో మూడుసార్లు కంపైల్ అయితే డేటాబేస్‌లో మూడు ఎంట్రీలు ఉంటాయి. మొదటిదాన్నే చూసి మిగతా రెండూ వదిలేసే టూల్స్‌ని నేను చూశాను.

ర్యాపర్ ఉండేది కంపైల్ జరుగుతున్న క్షణంలోనే. హెడర్ అప్పుడు డిస్క్ మీద ఉంటుంది. ఉండకపోతే కంపైలే అవ్వదు.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు, నా సొంత ఆలోచన అంతకన్నా కాదు. లినక్స్ కెర్నల్ కోసం లైనస్ టోర్వాల్డ్స్ 2003లో మొదలుపెట్టిన స్పార్స్ అనే అనాలిసిస్ టూల్‌తో సీజీసీసీ అనే ర్యాపర్ వస్తుంది. అది స్పార్స్‌నీ, కంపైలర్‌నీ రెంటినీ నడుపుతుంది. క్లాంగ్ అనలైజర్‌కి స్కాన్ బిల్డ్ ఉంది, ఏ కంపైలర్ వాడాలో బిల్డ్‌కి చెప్పే సీసీ వేరియబుల్‌ని మార్చి తన ర్యాపర్‌ని అందులో పెడుతుంది. 2015లో ఓపెన్ సోర్స్ అయిన ఇన్ఫర్‌ అనే అనలైజర్ అయితే "నా వెనక మీ మేక్ కమాండ్ పెట్టండి, మిగతాది నేను చూసుకుంటాను" అన్నట్టుగా పనిచేస్తుంది. కోడ్‌ని పరీక్షించే సీబీఎంసీతో వచ్చే గోటో సీసీ జీసీసీ స్థానంలో నేరుగా కూర్చోగలదు. సీఎస్ ర్యాప్, సీఎస్‌సీపీపీసీ లాంటివి రెడ్‌హ్యాట్ ఇంజినీర్లు ప్యాకేజీలని మొత్తంగా స్కాన్ చేయడానికి రాసుకున్నవి, రెండోది కంపైల్ జరుగుతుంటే వెనకాల సీపీపీచెక్ అనే అనలైజర్‌ని నడుపుతుంది. అనాలిసిస్ బయటికి వెళ్తే ఒకసారి కంపైల్ చేసిన ఫలితాన్ని దాచి మళ్లీ వాడే సీక్యాష్ 2002 నుంచి ఇదే చోట నిలబడి కోట్లాది కంపైల్స్‌ని మోస్తోంది. సీమేక్‌లో 3.4 వెర్షన్ నుంచి కంపైలర్ లాంచర్ అని ఈ పనికోసమే ఒక సెట్టింగ్ ఉంది.

ఇన్ని ఉండగా మళ్లీ ఎందుకు అడుగుతున్నానంటే, చాలా టూల్స్‌లో ర్యాపర్ ఇంటి బయట వరండాలో పడుకుంటోంది. టూల్ ఒక భాషలో, ర్యాపర్ మరో భాషలో ఉంటాయి. టూల్‌కి కొత్త వెర్షన్ వస్తుంది, ర్యాపర్ ముట్టుకుని రెండేళ్లవుతుంది. కంపైలర్ ఫ్లాగ్స్ గురించి ర్యాపర్‌కి తెలిసింది టూల్‌కి చెప్పే దారి ఉండదు. ఇక కొన్ని టూల్స్‌లో అదీ లేదు. అప్పుడు ప్రతి టీమ్‌లోనూ ఒకరు కూర్చుని పది లైన్ల షెల్ స్క్రిప్ట్ రాసుకుంటారు. నేనూ రాశాను. ఆ పది లైన్లు నాకు ఎంత నష్టం చేశాయో చెప్తే, ఈ పని వాడుకునేవాళ్లకి వదిలేయకూడదని ఎందుకంటున్నానో మీకు అర్థమవుతుంది.

నా స్క్రిప్ట్ చాలా సూటిగా ఉండేది. వచ్చిన ఆర్గ్యుమెంట్లతో ముందు కంపైలర్‌ని పిలిచేది, తర్వాత అవే ఆర్గ్యుమెంట్లతో అనలైజర్‌ని పిలిచేది. రెండు రోజులు హాయిగా నడిచింది. మూడోరోజు ఒక సహోద్యోగి ఒక స్ట్రక్చర్‌లో కొత్త ఫీల్డ్ చేర్చారు. బిల్డ్ అయింది, ప్రోగ్రామ్ మాత్రం అర్థంలేని విలువలు చూపిస్తోంది. క్లీన్ చేసి మళ్లీ బిల్డ్ చేస్తే బాగుంటుంది. ఇంకో మార్పు చేస్తే మళ్లీ అదే గోల. ఒక రోజంతా తల ప్రాణం తోకకొచ్చాక తెలిసింది ఏంటంటే, మా కమాండ్ లైన్‌లో డిపెండెన్సీ ఫైల్‌ని రాయమనే ఫ్లాగ్స్ ఉన్నాయి. ఏ ఆబ్జెక్ట్ ఫైల్ (కంపైల్ అయిన కోడ్) ఏ హెడర్ల మీద ఆధారపడిందో కంపైలర్ ఒక చిన్న ఫైల్‌లో రాస్తుంది, మేక్ దాన్ని చదివి ఏది మళ్లీ కంపైల్ చేయాలో తేల్చుకుంటుంది. అనలైజర్ కూడా ఆ ఫ్లాగ్స్‌ని నమ్మకంగా అమలు చేసింది. కాకపోతే దానికి బోర్డు కంపైలర్‌తో వచ్చే ఒక హెడర్ దొరకలేదు. మధ్యలో ఆగిపోయింది, ఆగిపోతూ అసంపూర్ణంగా ఉందని ఆ డిపెండెన్సీ ఫైల్‌ని చెరిపేసింది. అదే పేరు, అదే చోటు కాబట్టి, చెరిగింది కంపైలర్ రాసిన ఫైల్. మా మేక్‌ఫైల్‌లో ఆ ఫైల్ లేకపోయినా ఫర్వాలేదని రాసి ఉంది, అందరూ అలాగే రాస్తారు. దాంతో మేక్ ఏమీ అనలేదు. హెడర్ మారినా సగం ఫైల్స్ పాత స్ట్రక్చర్‌తోనే ఉండిపోయాయి.

బగ్స్ పట్టుకోవడానికి పెట్టిన ఏర్పాటే మంచి కోడ్‌లోకి బగ్‌ని తెచ్చిపెట్టింది. ఆ సహోద్యోగి ఆరోజు సాయంత్రం వరకూ తప్పు తన కోడ్‌లోనే ఉందనుకుని పడ్డ టెన్షన్ నాకు ఇంకా గుర్తుంది.

అందుకే మీ ర్యాపర్‌కి మొట్టమొదటి నియమం, మిగతా అన్నిటికంటే పైన ఉండాల్సింది, ఇదే: అసలు కంపైల్‌ని ముట్టుకోకూడదు. కంపైలర్ ఇచ్చిన ఎగ్జిట్ కోడ్ (పని అయిందో లేదో చెప్పే సంఖ్య) బిల్డ్‌కి అలాగే చేరాలి. అది ప్రింట్ చేసింది అక్షరం పొల్లుపోకుండా అదే స్ట్రీమ్‌లో రావాలి. ఆబ్జెక్ట్ ఫైల్, డిపెండెన్సీ ఫైల్, తాత్కాలిక ఫైల్స్ ఏవీ అనలైజర్ చేతికి తగలకూడదు. అవుట్‌పుట్‌ని రాసే ఫ్లాగ్స్ అన్నిటినీ అనలైజర్‌కి ఇచ్చే ముందు తీసేయాలి. ఏ ఫ్లాగ్ ఫైల్ రాస్తుంది, ఏ ఫ్లాగ్ తర్వాతి ఆర్గ్యుమెంట్‌ని మింగుతుంది, ఏది అతుక్కుని వస్తుంది అన్నది మీకు తెలిసినంతగా ఒక్కో టీమ్‌లో ఒక్కొక్కరికి తెలిసే అవకాశం లేదు.

మీ టూల్ సందేశాలు కంపైలర్ తన తప్పుల సందేశాలు పంపే స్టాండర్డ్ ఎర్రర్ స్ట్రీమ్‌లో కలిసిపోతే ఏమవుతుందో కూడా చెప్తాను. ఆటోకాన్ఫ్ వాడే ప్రాజెక్టుల్లో కాన్ఫిగర్ స్క్రిప్ట్ కాన్ఫ్‌టెస్ట్ పేరుతో చిన్న చిన్న ప్రోగ్రామ్స్ రాసి, కంపైల్ అవుతున్నాయో లేదో చూసుకుంటుంది. ఈ ఫంక్షన్ ఉందా, ఈ హెడర్ ఉందా, ఈ ఫ్లాగ్‌ని కంపైలర్ ఒప్పుకుంటుందా అని. వాటిలో కొన్ని పరీక్షలు కంపైల్ అయినా సరే, వార్నింగ్ వచ్చిందంటే లేదనే లెక్కేస్తాయి. ర్యాపర్ అక్కడ "అనాలిసిస్ పూర్తయింది" అని ఒక్క ముక్క ప్రింట్ చేసినా చాలు, ఉన్న సౌకర్యం లేదని నమోదైపోతుంది. ఆ తర్వాత బిల్డ్ అయ్యేది వేరే ప్రోగ్రామ్. ఎవరికీ ఎర్రర్ కనిపించదు. అందుకని ర్యాపర్‌గా నడిచేటప్పుడు మీ టూల్ నోరు మూసుకోవాలి, చెప్పాల్సినవన్నీ తన ఫైల్‌లో రాసుకోవాలి. కాన్ఫ్‌టెస్ట్ ఫైల్స్‌ని అనాలిసిస్‌కి తీసుకోకూడదు కూడా. తీసుకుంటే రిపోర్ట్ నిండా ఎవరూ రాయని కోడ్‌లోని తప్పులే ఉంటాయి.

కంపైలర్ పిలుపు అంటే ప్రతిసారీ ఒక సోర్స్ ఫైల్, ఒక ఆబ్జెక్ట్ ఫైల్ అనుకోకండి. వెర్షన్ అడగడానికి పిలుస్తారు. లింక్ చేయడానికి అదే పేరుతో పిలుస్తారు. అసెంబ్లీ ఫైల్ ఇస్తారు. ఒకే కమాండ్‌లో నాలుగు సోర్స్ ఫైల్స్ ఇస్తారు. ఫైల్ బదులు స్టాండర్డ్ ఇన్‌పుట్‌లోంచి కోడ్ పంపుతారు, దాన్ని అనలైజర్ ముందే తాగేస్తే కంపైలర్‌కి ఏమీ మిగలదు. విండోస్‌లో షెల్ కమాండ్ 8191 అక్షరాలు దాటకూడదు కాబట్టి ఆర్గ్యుమెంట్లని ఒక రెస్పాన్స్ ఫైల్‌లో పెట్టి, ముందు ఎట్ గుర్తు తగిలించి ఆ ఫైల్ పేరు ఇస్తారు. ఆ ఫైల్‌ని విప్పి చదవకపోతే మీకు ఏ మాక్రో కనిపించదు. ర్యాపర్‌ని జీసీసీ పేరుతోనే, ప్రోగ్రామ్స్‌ని వెతికే పాత్‌లో పెడితే, అసలు జీసీసీని వెతకబోయి తనని తనే పిలుచుకునే ప్రమాదం ఉంది. సీక్యాష్ దీన్ని ఎప్పుడో దాటింది. ఆ అనుభవాన్ని చదువుకుంటే మీకు ఎన్నో రాత్రులు కలిసొస్తాయి.

సీక్యాష్‌తో కలిసి నడవడం గురించి విడిగా ఒక మాట. ఎక్కువమంది బిల్డ్స్‌లో అది ఇప్పటికే ఉంటుంది. దానికి బయట మీరుంటే క్యాష్‌లో దొరికిన ఫైల్ కూడా మీకు కనిపిస్తుంది. దానికి లోపల మీరుంటే, క్యాష్‌లో దొరికిన రోజున మిమ్మల్ని ఎవరూ పిలవరు. ఆ ఫైల్ అనలైజ్ అయిందని అనుకుంటాం, అవ్వదు. కాబట్టి మీ చోటు బయటే. డాక్యుమెంటేషన్‌లో ఈ వరుసని స్పష్టంగా రాయండి.

ఇక కంపైలర్ కమాండ్ లైన్‌లో కనిపించని సమాచారం. క్యార్‌కి గుర్తు ఉందా, లాంగ్ ఎన్ని బైట్లు, కంపైలర్ తనంతట తాను చూసే హెడర్ ఫోల్డర్లు ఏవి, అది ముందే నిర్వచించుకున్న మాక్రోలు ఏవి అన్నవి ఏ ఆర్గ్యుమెంట్‌లోనూ ఉండవు. లాంగ్ లినక్స్ ఎక్స్86-64 మీద 8 బైట్లు, 64 బిట్ల విండోస్‌లో 4 బైట్లు. ఇవన్నీ టేబుల్స్‌గా మీ టూల్‌లో రాసుకుని, వినియోగదారుణ్ణి ఒకటి ఎంచుకోమనడం ఇప్పటి పద్ధతి. దానికంటే కంపైలర్‌నే అడగడం మేలు. జీసీసీనీ, క్లాంగ్‌నీ ఖాళీ ఫైల్ ఇచ్చి ప్రీప్రాసెస్ చేయమంటే, ముందే ఉన్న మాక్రోలన్నీ వరుసగా ప్రింట్ చేసే వీలుంది. వెర్బోస్ ఫ్లాగ్ పెడితే హెడర్ల కోసం ఎక్కడెక్కడ వెతుకుతాయో చెప్తాయి. ఆర్మ్ మీద క్యార్‌కి గుర్తు లేదన్న సంగతి కూడా ఆ మాక్రోల్లోనే ఉంటుంది. మేక్‌ఫైల్ ఫ్లాగ్స్ చేతిలో ఉండి, మా బోర్డు కంపైలర్‌ని ఈ ఒక్క ప్రశ్న కూడా అడిగి ఉంటే ఆ లూప్ మొదటి రాత్రే దొరికేది.

అయితే అడిగేటప్పుడు అదే కమాండ్‌లోని ఫ్లాగ్స్‌తోనే అడగాలి. ఆప్టిమైజేషన్ ఫ్లాగ్ ఉంటే ఒక మాక్రో పుడుతుంది, లేకపోతే పుట్టదు. భాషా ప్రమాణాన్ని మార్చినా, 32 బిట్లకి మార్చినా జాబితా మారుతుంది. ప్రతి ఫైల్‌కీ అడిగితే బిల్డ్ నెమ్మదిస్తుంది కాబట్టి, కంపైలర్, ఫ్లాగ్స్ కలిపి ఒకసారి అడిగి దాచుకోండి. కంపైలర్ మారితే ఆ దాచుకున్నది పారేయండి.

సమాంతరంగా నడిచే బిల్డ్స్ గురించి మీలో కొందరు ఆందోళన పడతారని తెలుసు, అది న్యాయమే. మేక్‌కి ఒకేసారి ఎనిమిది పనులు చేయమని చెప్తే, ప్రతి ర్యాపర్ వెనకాల ఒక అనలైజర్‌ని వదిలితే పదహారు ప్రాసెస్‌లు అవుతాయి. అనలైజర్ కంపైలర్ కంటే ఎక్కువ మెమరీ తింటుంది. మిషన్ ఊపిరాడక కూర్చుంటుంది. కంపైల్ అయ్యాక అదే వంతులో అనాలిసిస్ నడిపితే ఈ చిక్కు రాదు, బిల్డ్ నెమ్మదిస్తుంది అంతే. వెనకాలే నడపాలనుకుంటే ఒకేసారి ఎన్ని పనులు నడవాలో లెక్క చూసే మేక్ జాబ్‌సర్వర్ నుంచి టోకెన్ తీసుకోవాలి. గ్నూ మేక్ 4.4 నుంచి అది నేమ్డ్ పైప్ ద్వారా దొరుకుతోంది కాబట్టి ర్యాపర్ లాంటి మధ్య ప్రోగ్రామ్‌కి చేరుకోవడం మునుపటి కంటే తేలిక.

నన్నడిగితే, రోజువారీ బిల్డ్‌లో అనాలిసిస్ అక్కడికక్కడే జరగాల్సిన అవసరం లేదు. ర్యాపర్ రాసుకుంటే చాలు. కానీ చీటీ మాత్రమే కాదు, కోడ్‌ని కూడా రాసుకోవాలి. హెడర్లన్నీ లోపలికి తెచ్చి, మాక్రోలని మాత్రం విప్పకుండా ఉంచే పద్ధతి జీసీసీలోనూ, క్లాంగ్‌లోనూ ఉంది. దూరపు మిషన్లకి కంపైల్ పనిని పంచే ఐస్‌క్రీమ్ అదే వాడుతుంది. అలా దాచిన ఫైల్‌లో బిల్డ్ సమయానికి ఉన్న హెడర్లు ఉన్నవి ఉన్నట్టుగా ఉంటాయి, మాక్రోలు విడిపోవు కాబట్టి మీ చెకర్లకి అసలు కోడ్ ఎలా ఉందో కూడా కనిపిస్తుంది. బిల్డ్ వేగం పెద్దగా తగ్గదు. రాత్రి తీరిగ్గా, ఎంత లోతుగా కావాలంటే అంత లోతుగా చూసుకోవచ్చు.

ఇది బిల్డ్ సిస్టమ్ పని, అనలైజర్ పని కాదని వాదించేవాళ్లున్నారు. ఆ వాదనని నేను గౌరవిస్తాను, ఒప్పుకోలేను. మీ టూల్ ఇచ్చే జవాబు సరైనదా కాదా అన్నది ఆ సమాచారం మీద ఆధారపడి ఉన్నప్పుడు, దాన్ని తెచ్చుకునే బాధ్యత కూడా మీదే అవుతుంది. కంపైలర్‌లోనే అనాలిసిస్ ఉంటే సరిపోతుందని ఇంకొందరంటారు. జీసీసీ 10తో 2020లో వచ్చిన అనలైజర్ ఫ్లాగ్ నిజంగా మంచి అడుగు, అక్కడ సమాచారం పోయే ప్రశ్నే లేదు. కానీ బోర్డులతో వచ్చే కంపైలర్లు చాలాసార్లు పాతవి, వాటిని మార్చే స్వేచ్ఛ మాకు ఉండదు. సర్టిఫై అయిన కంపైలర్ అయితే అసలే ముట్టుకోలేం. ఎన్ని కంపైలర్ల ఫ్లాగ్స్‌ని నేర్చుకుంటాం అన్న మీ ప్రశ్న మాత్రం నిజంగా బరువైనది. జీసీసీ, క్లాంగ్‌లతో మొదలుపెట్టండి. తెలియని ఫ్లాగ్ వస్తే ఊహించొద్దు, తెలియదని రాసిపెట్టండి. మిగతావి వాడుకునేవాళ్లు చేర్చగలిగేలా ఒక దారి ఉంచండి.

తెలియదని రాసిపెట్టడం అన్నానే, నా దృష్టిలో ర్యాపర్ వల్ల వచ్చే అతి పెద్ద లాభం అక్కడే ఉంది. ఎన్ని ఫైల్స్ కంపైల్ అయ్యాయో ర్యాపర్‌కి కచ్చితంగా తెలుసు. వాటిలో ఎన్నిటిని అనలైజర్ పూర్తిగా చదవగలిగిందో మీ టూల్‌కి తెలుసు. ఈ రెండు సంఖ్యలూ పక్కపక్కనే రిపోర్ట్ మొదటి లైన్‌లో ఉండాలి. హెడర్ దొరక్క ఆగిపోయినవి, అనలైజర్ క్రాష్ అయినవి, టైమ్ దాటిపోయినవి పేరు పేరునా కింద ఉండాలి. అనలైజర్ క్రాష్ అయితే బిల్డ్ ఆగకూడదు, అది ఎంత నిజమో, ఆ క్రాష్ రిపోర్ట్‌లో కనిపించకుండా పోకూడదన్నదీ అంతే నిజం. లోపాలు సున్నా అన్న మాట పక్కన "చదవలేకపోయిన ఫైల్స్ 12" అని ఉంటే, ఆ ఉదయాలన్నిటిలో ఏదో ఒక ఉదయం మాలో ఎవరో ఒకరం తప్పకుండా ఆగి చూసేవాళ్లం.

ఊరికే అడిగి కూర్చోవడం నాకిష్టం లేదు. ఇన్నేళ్లలో నాకెదురైన విచిత్రమైన కంపైలర్ కమాండ్స్‌ని ఒకచోట దాచుకుంటూ వచ్చాను. కోట్స్ లోపల కోట్స్ ఉన్న మాక్రోలు, రెస్పాన్స్ ఫైల్ లోపల ఇంకో రెస్పాన్స్ ఫైల్, ఒకే ఫైల్ రెండు బోర్డుల కోసం ఒకే మేక్‌లో కంపైల్ అయ్యేవి, పైప్ నుంచి వచ్చే కోడ్. పాత యజమానులకి చెందిన పేర్లు, దారులు తీసేసి, ప్రతిదాన్నీ చిన్న టెస్ట్‌గా మారుస్తున్నాను. మీలో ఏ బృందం ఈ పని మొదలుపెట్టినా వాటిని మీ రిపోజిటరీకే పంపిస్తాను, మీ లైసెన్స్‌ కిందే. మీ ర్యాపర్ తయారయ్యాక నా దగ్గరున్న పాత మేక్‌ఫైల్స్ అన్నిటి మీదా నడిపి, ర్యాపర్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి బిల్డ్ చేసి, రెండు ఆబ్జెక్ట్ ఫోల్డర్లని బైట్ బైట్‌గా పోల్చి ఫలితం చెప్తాను. ఆ వరుసలో మొట్టమొదటి టెస్ట్ డిపెండెన్సీ ఫైల్‌దే: హెడర్ దొరక్క అనలైజర్ ఆగిపోయిన తర్వాత కూడా కంపైలర్ రాసిన ఫైల్ అక్కడే, అలాగే ఉండాలి.

నమస్కారాలతో,
మీ టూల్స్‌ని రోజూ వాడే ఒక ఫర్మ్‌వేర్ ప్రోగ్రామర్